అంగారీయ కాష్ఠములు: కమ్మరి కొలిమికి దగిన బొగ్గు

పాణినీయ పంచమాధ్యాయ ప్రథమపాదమునందలి పండ్రెండవ సూత్రము వికృతివాచకమైన శబ్దముమీద, ఆ వికృతికొఱకే యుద్దేశింపబడిన ప్రకృతిని దెలుపు నర్థమున, ప్రత్యయమును విధించుచున్నది. కాశికావృత్తి దీనికి మొదట జూపిన యుదాహరణము కట్టెలను గూర్చినది. అంగారములకు హితములైన కాష్ఠములు 'అంగారీయములు.' పిదప ప్రాకారమునకైన యిటుకలు 'ప్రాకారీయములు' అనియు, శంకువునకైన దారువు 'శంకవ్యము' అనియు ఉదాహరణములు వచ్చును.

పాఠశాలలలో ఈ మొదటి యుదాహరణము ఛప్రత్యయమునకు ఈయాదేశము వచ్చుటను జూపుటకు మాత్రమే యక్కఱకు వచ్చుచున్నది. అర్థము విచారింపబడకయే పాఠము ముందుకు సాగును. కాని యిందు విచారింపవలసినది కలదు. ఏ కట్టెయైనను సగము కాలి యాఱినచో బొగ్గగును గదా. అట్టియెడ కొన్ని కట్టెలకు మాత్రము 'అంగారములకు హితములు' అను ప్రత్యేకవ్యవహార మేల కలిగినది? ఈ ప్రశ్నకు సమాధానము వ్యాకరణగ్రంథములలో దొరకదు. అది కమ్మరి కొలిమియొద్ద నున్నది. కమ్మరి తన బొగ్గు నేర్పఱచుకొను తీరును, ఆ యేర్పాటు కాలక్రమమున మాఱిన విధమును పరిశీలించినచో ఈ తద్ధితాంతము యొక్క యర్థము తేటపడును. నేలబొగ్గు వ్యాపించినపిదప గూడ అది చెల్లునా యను సంశయమును దీఱును.

శబ్దవిచారము

కొలిమికి సంబంధించిన తెలుగు మాటలు ఒకే జాతివి కావు. 'కమ్మరి' యనునది సంస్కృత 'కర్మార' శబ్దభవము. పాలిభాషయందలి 'కమ్మార' రూపము నడుమనున్న మెట్టు. 'కొలిమి' దేశ్యము. కన్నడమున 'కులుమె, కొలిమె' యనియు, తమిళమున కమ్మరికి 'కొల్లన్' అనియు గల రూపములు దీని తోబుట్టువులు. 'బొగ్గు' గూడ దేశ్యమే. 'ఇంగలము' మాత్రము తద్భవము. 'అంగార' శబ్దాద్యకారమునకు ప్రాకృతమున వికల్పముగా నికారము వచ్చునని హేమచంద్రుడు పక్వ లలాట శబ్దములతో జేర్చి చెప్పియున్నాడు. ఆ 'ఇంగాల' రూపమే తెనుగున 'ఇంగల'మై నిప్పునకు బేరయ్యెను. ఒకే మూలశబ్దము ఒకచోట చల్లాఱిన బొగ్గును, ఒకచోట మండు నిప్పును దెలుపుట వింతగాదు. సంస్కృతమునను అంగారశబ్దము రెంటియందును వర్తించును. అమరసింహుడు దానిని అలాత, ఉల్ముక శబ్దములతో నొకేపంక్తిని గూర్చెను.

ఇక హిందీ మొదలగు భాషలలోని 'కోయిలా' శబ్దమునకు మూలముగా సంస్కృతమున బొగ్గును దెలుపు 'కోకిల' శబ్దము కలదు. ఇంగ్లీషువారి 'కోల్' శబ్దము జర్మానిక భాషలనుండి వచ్చినది. మన 'కొలిమి' ద్రావిడము. ఈ మూడింటి ధ్వనిసామ్యము కేవలము యాదృచ్ఛికము. వానినిబట్టి బంధుత్వమును గల్పించుట శబ్దశాస్త్రము నెఱిగినవారికి దగదు.

ప్రాచీన గ్రంథములలో బొగ్గు

ఋగ్వేదము తొమ్మిదవ మండలమున, వేర్వేఱు వృత్తులవారి కోరికలను దెలుపు సూక్తమునందు, కర్మారుని సామగ్రి చెప్పబడినది. ఎండిన యోషధులు, పక్షుల యీకలు, ఱాళ్లు అందు బేర్కొనబడినవి. ఓషధులు అగ్నికిని, ఈకలు విసరుటకును అని సామాన్యముగా గ్రహింతురు. అనగా నప్పటికే కమ్మరిపనిలో ఇంధనము చెప్పదగిన యుపకరణముగా గణింపబడెను. కౌటిలీయమున కుప్యాధ్యక్షప్రకరణమందు అడవిసరకుల వరుసలో అంగారములు, ఊక, భస్మములు చేర్చబడినవి. జైనుల ఉపాసకదశాంగము గృహస్థులు వర్జింపవలసిన పదునైదు వృత్తులను జెప్పుచు 'ఇంగాలకమ్మ'మును, అనగా బొగ్గులు గాల్చి జీవించుటను, మొదటనే నిలిపినది. అహింసావ్రతమునకు విరుద్ధమని దానిని నిషేధింపవలసి వచ్చినదన్నచో అది యప్పటికే ప్రత్యేకవృత్తిగా నిలిచియున్నదని తేలుచున్నది. కట్టెను బొగ్గుకొఱకే కొట్టి, బొగ్గుకొఱకే కాల్చువారు గలరు గనుకనే 'అంగారీయ' శబ్దమునకు లోకమున బ్రయోజనము గలిగినది.

రసశాస్త్రగ్రంథము లింకొక మెట్టు ముందుకు బోయినవి. సత్త్వపాతనమునకై కోష్ఠిని నింపవలసిన గట్టిబొగ్గులకు వెదురు, ఖదిరము, మధూకము, బదరి యను వృక్షములను నియమించినవి. తెనుగున నవి వెదురు, చండ్ర, ఇప్ప, రేగు. రసరత్నసముచ్చయము 'కోకిల'ములను నిర్వచించుచు, నీరు తగులకుండ నాఱిపోయిన యంగారములని చెప్పినది. అచ్చట వాడబడినది 'నిర్వాణ' శబ్దము. వాయువు కర్త కానియెడల నిష్ఠాతకారమునకు నత్వము వచ్చునని పాణిని చెప్పిన స్థలమునకు వృత్తికారులు చూపు నుదాహరణమును ఆఱిన యగ్నియే. తుపాకిమందు నుద్దేశించిన శుక్రనీతి ప్రకరణమున మాత్రము అర్కము, స్నుహి మొదలగు తేలికచెట్ల బొగ్గులు విధింపబడినవి. ఆ ప్రకరణము మిక్కిలి యర్వాచీనమని పలువురు విద్వాంసుల యభిప్రాయము. అర్వాచీనమైనను విషయము సత్యమే. జిల్లేటిబొగ్గు క్షణములో నంటుకొనును. అది మందుగుండునకు హితము, కొలిమికి గాదు. చండ్రబొగ్గు నిలిచి కాలును. అది కొలిమికి హితము. ఏ బొగ్గు మంచిదను ప్రశ్నకు ముందు ఏ పనికని యడుగవలెనని యిందువలన దెలియును.

కట్టెబొగ్గును కాల్చుట, పరీక్షించుట

కట్టెలను నిలువుగనో యడ్డముగనో పేర్చి, ఆకులును గడ్డియు గప్పి, పైన మట్టి మెత్తి, చిన్న రంధ్రములుంచి నిప్పు పెట్టుదురు. మొదట దట్టమైన తెల్లని పొగ వెడలును. అది కట్టెలోని నీరు. పిదప పసుపువన్నె గల ఘాటుపొగ వచ్చును. తుదకు పొగ పలుచనై నీలి వన్నెకు దిగును. అప్పుడు రంధ్రములను మూసి గాలి చొరకుండ జేసి, లోనివేడి తానుగా నడగువఱకు దినముల తరబడి వేచియుండవలెను. తొందరపడి విప్పినచో గాలి సోకి బట్టి యంతయు మరల నంటుకొనును. తొందరకై నీరు చల్లినచో బొగ్గు చిట్లి తేమ పట్టును. నీరు లేక యాఱినదే కోకిలమని రసగ్రంథము చేసిన నిర్వచనమునకు బట్టియొద్ద దొరకు హేతు విది. కట్టె తూకములో నాలుగవ పాలు మించి బొగ్గుగా మిగులుట యరుదు. కావున నొక బస్తా బొగ్గు వెనుక నాలుగు బస్తాల యడవి యున్నదని చెప్పవచ్చును.

కమ్మరి బొగ్గును కంటితోను, చెవితోను, చేతితోను బరీక్షించును. రెండు ముక్కలను తాకించిన ఖంగుమను ధ్వని రావలెను. మందమైన చప్పుడు వచ్చినచో తేమయో, పచ్చిదనమో యున్నట్లు. విఱిచినచోట నిగనిగలాడుచు కట్టెపొరల యానవాళ్లు కనబడవలెను. గోధుమవన్నె చార లున్నచో నది సగము కాలినది. కొలిమిలో పొగయును మంటయు గ్రక్కి కంటికి శత్రువగును. చేతికి మసి యెక్కువగా నంటునది చివికిన బొగ్గు. ముక్కలు ఉసిరికాయంత యున్న మేలు. మిక్కిలి పెద్దవైన నడుమ సందులు పడి గాలి వృథాగా పోవును; పొడియైన సందులు మూసికొని తిత్తిగాలి లోనికి జొరదు.

చెట్టుజాతిని బట్టియు వ్యవస్థ కలదు. తుమ్మ, చండ్ర మొదలగు గట్టికట్టెల బొగ్గు బరువుగలది. కొంచెము చోటున నెక్కువ వేడి నిలుపును గనుక నాగటికఱ్ఱు, గడ్డపాఱ వంటి పెద్దపనికిని, రెండినుప ముక్కల నతుకుటకును అది తగును. తేలికకట్టెల బొగ్గు త్వరగా నంటుకొని త్వరగా నుడుగును. చిన్నకత్తులకు పదను పెట్టుట మొదలగు స్వల్పకార్యములకు జాలును. చండ్రచెట్టు తెలుగుదేశమున నెంత ప్రసిద్ధమనగా, సామర్లకోటయందు పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గు తాను వర్ణించిన జాతికి 'సండ్ర' యను తెలుగుపేరునే లాటిను నామముగా జేసెను.

కట్టెబొగ్గునకు మూడు గుణములు సహజములు. గంధకము దాదాపుగా లేకుండుట మొదటిది. బూడిద నూటికి 3, 4 పాళ్లకు మించకుండుట రెండవది. పొగ లేకుండుట మూడవది. ఇందు మొదటిదే ప్రధానము. గంధకము వేడి యినుమున జొచ్చినచో లోహపు కణముల నడుమ తక్కువ వేడికే కరగు పొరగా నేర్పడును. ఎఱ్ఱగా గాలిన యినుము సమ్మెటదెబ్బకు సాగుటకు మాఱుగా పగులును. చల్లనైనపుడు దోషము కనబడదు, కొలిమిలోనే బయటపడును. వృత్తికాండ్రు బొగ్గును నిందించుటకు గల ముఖ్యహేతు విదియే.

ఉక్కులో బొగ్గు

బొగ్గు వేడికి మాత్రమే కాదు. ఇనుము ఉక్కగుటకు నూటికి ఒకటి రెండు పాళ్ల బొగ్గుసారము దానిలో గలియవలెను. 1832లో బంగాళా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో హెన్రీ వాయిసీ వ్రాసిన వ్యాసము వెలువడెను. అందు నేటి తెలంగాణములోని కోనసముద్రమున నుక్కు చేయు విధము వర్ణింపబడినది. రెండు తావుల యినుమును గలిపి, మూసలలో నుంచి, బొగ్గుల నడుమ తిత్తులతో నూదుచు నొక రేయి పగలు కాచుట అందలి క్రమము. పారసీక వర్తకులు ఆ యుక్కుకొఱకు అచ్చటికి వచ్చి యుండిరి. 2010లో ఉత్తర తెలంగాణమున జరిగిన క్షేత్రపరిశోధన అనేక గ్రామములలో చిట్టెపుదిబ్బలను, మూసపెంకులను లెక్కించి ఈ పరిశ్రమ యెంత విస్తృతమైనదో చూపినది. దక్షిణదేశమున మఱికొన్ని యెడల మూసలో నినుముతోడ తంగేటికట్టెను, జిల్లేడు మొదలగు నాకులను వేయుట ఫ్రాన్సిస్ బుకానన్, జె. ఎం. హీత్ మున్నగువారు వ్రాసియున్నారు. మూసలోపల గాలి లేక కాలిన యా కట్టె బొగ్గై యినుములో లీనమగును. ఇచ్చట బొగ్గు ఇంధనము కాదు, ద్రవ్యము. తెలుగు కన్నడముల 'ఉక్కు' శబ్దమే 1795లో జార్జి పియర్సను లండను రాజసభకు సమర్పించిన పత్రమున 'వూట్జ్' అను వికృతరూపమున బాశ్చాత్యులలో బ్రచారమునకు వచ్చెను.

అడవి మూతపడుట, నేలబొగ్గు వచ్చుట

పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున రెండు మార్పులు గలిగెను. 1882 నాటి మద్రాసు అడవిచట్టము ప్రభుత్వారణ్యములలో ననుమతి లేక కట్టె కొట్టుటను, బొగ్గు కాల్చుటను నిషేధించెను. చెట్టును చూచి బొగ్గు నేర్పఱచు నధికారము కమ్మరి చేతినుండి జాఱిపోయెను. అంగడికి వచ్చిన దేదో దానితోనే పని గడుపవలసి వచ్చెను. కమ్మరికి జ్ఞానము మిగిలెను, దానిని వినియోగించు తావు పోయెను. దాదాపు అదే కాలమున, 1877లో, కడప మండలమునందలి కమలాపురము ప్రాంతమున సర్కారుతుమ్మ విత్తనములు నాటబడెను. అమెరికాఖండమునుండి వచ్చిన యా చెట్టు పిదప దక్షిణదేశమంతట మొలిచి, పంటచేలకు బెడదయై, గట్టిబొగ్గునకు మాత్ర మాధారమైనది. నేడు తెలుగునాట నంగడి బొగ్గులో దానిపాలు మిక్కుటము.

రెండవ మార్పు నేలబొగ్గు. 1871లో భూగర్భశాఖకు జెందిన విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గుపొరను గనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కును బొందెను. 1889లో బొగ్గు వెలికి వచ్చెను. ఆ యూరిసమీపమునందలి సింగరేణి పేరుతో 1920లో నేటి సంస్థ యేర్పడెను. రైళ్లకును, ఆవిరియంత్రములకును, విద్యుత్తునకును ఆ బొగ్గు చేసిన మేలు లోకవిదితము. కాని కొలిమికి? సింగరేణిబొగ్గున గంధకము స్వల్పమే, అది మేలు. బూడిద మాత్రము నూటికి 30 పాళ్లు మించుటయు కలదు. ఆ బూడిద కరగి చిట్టెమై కొలిమి యడుగున బేరుకొని గాలి త్రోవ నడ్డగించును. అంతకంటె ముఖ్యమైన లోప మొకటి కలదు. అది కాగునపుడు ముద్దకట్టదు.

ముద్దకట్టుట యన నేమి? కొన్ని నేలబొగ్గులు గాలి తగులక వేడెక్కినపుడు మెత్తబడి, ఉబ్బి, ఒండొంటి నంటుకొని, పొగయు కీలును వెడలిపోగా నురుగువంటి తేలికైన బూడిదవన్నె గడ్డగా మిగులును. దానిని 'కోకు' అందురు. అట్టి బొగ్గు దొరకినపుడు కమ్మరి నిప్పునడుమ దానిని వేయడు. చుట్టు గట్టుగా బోసి, నీరు చిలుకరించి, దానియంతట నది కోకగువఱకు నిలిపి, పిదప కొంచెము కొంచెముగా లోనికి ద్రోయును. నిప్పుపైన గట్టిన పెంకు గూడువలె నిలిచి వేడిని లోపలనే పట్టియుంచును. ఇనుమును ఆ గూటిలో నుంచి కాల్చును. ముద్దకట్టని బొగ్గు దేనికది విడివిడిగా మండి క్రుంగిపోవును, గూడు నిలువదు. భారతదేశమున నుత్తమమైన కోకుబొగ్గునకు ఝరియా ప్రసిద్ధము. సింగరేణి యంత చేరువ నున్నను విశాఖపట్టణపు ఉక్కుకర్మాగారము కోకుబొగ్గునకై ఆస్ట్రేలియావంటి దూరదేశముల నాశ్రయించుటకు గారణ మిదియే. అస్సాము బొగ్గు కొంత ముద్దకట్టినను గంధకాధిక్యముచే దోషయుక్తము. నేలబొగ్గును కొనునపుడు విఱిచిన తావున పసుపువన్నె లోహపు మెఱుగు, అనగా మాక్షికము, కనబడెనేని వదలవలెను. అది యినుము గంధకముల కూడిక. ముక్కలు గోలీకాయ పరిమాణమున సమముగ నున్నచో గట్టు చక్కగా నిలుచును.

పూర్వపక్షము, సిద్ధాంతము

ఇక మొదటి సంశయము. అంగారీయశబ్దము కట్టెలకే చెల్లును. నేలబొగ్గునకు జెల్లదని యొకరు వాదింపవచ్చును. దానికి వారు చెప్పు హేతువు బలవంతమైనది. గోండ్వానా బొగ్గు సుమారు 25 కోట్ల యేండ్లకు పూర్వపు చెట్ల వికారమే యైనను, ఆ చెట్లను బొగ్గుకొఱ కెవ్వరు నుద్దేశింపలేదు. సూత్రమున తాదర్థ్యము ప్రధానము. తాదర్థ్యము లేని ప్రకృతి వికృతి భావమాత్రమున ప్రత్యయము రాదు. కావున నేలబొగ్గుతో నీ తద్ధితమునకు గాలము చెల్లినదని పూర్వపక్షము.

ఇందు సగము సత్యము. భూమిలోని చెట్లు అంగారీయములు కావనుట యుక్తమే. కాని కొలిమియొద్ద పరిశీలించినచో నేలబొగ్గు అంగారము కాదు, అంగారమునకు బ్రకృతి. పొగతో గూడిన పచ్చిబొగ్గు కట్టెవంటిది. గట్టున గాలి పొగ వీడిన కోకు కట్టెబొగ్గువంటిది. కమ్మరి దానిని కోకుకొఱకే యెన్నుకొని, కోకుకొఱకే చుట్టును బోయుచున్నాడు. ఇచ్చట వికృతి కలదు, ప్రకృతి కలదు, తాదర్థ్యము కలదు. కావున ముద్దకట్టు ఝరియాబొగ్గు అంగారీయము; ముద్దకట్టని సింగరేణిబొగ్గు యంత్రమునకు హితమైనను కొలిమి విషయమున నంగారీయము గాదు. తిత్తి గూడ నంగారములకొఱకే యున్నది గదా యనరాదు. అది యంగారముగా బరిణమింపదు. నీటికొఱకైన నూయి విషయమున ప్రత్యయము రాదని కాశికావృత్తి చూపిన ప్రత్యుదాహరణమునకు గల న్యాయమే దీనికిని.

ఈ విచారమువలన గలిగిన ఫలితార్థము: మంచి బొగ్గు అనునది నిరపేక్షముగ లేదు. దాని మంచితనము రెండు ప్రశ్నలలో నున్నది. అది దేనినుండి యైనది, దేనికొఱ కైనది? కట్టెబొగ్గు వాడు కమ్మరి చెట్టు నడుగుచున్నాడు; నేలబొగ్గు వాడు కమ్మరి గని నడుగుచున్నాడు. ఇంధనము మాఱినను ప్రశ్న మాఱలేదు.

పల్లెలలో కొలుములు నేడు విరళములైనవి. విద్యుత్తుతో దిరుగు గాలియంత్రములు తిత్తుల తావు నాక్రమించినవి. కఱ్ఱులును కొడవండ్లును కర్మాగారములనుండి వచ్చుచున్నవి. కొలిమితోడ దాని మాటలును బోవుచున్నవి. సగము కాలిన బొగ్గునకు, చివికిన బొగ్గునకు, పొడిబొగ్గునకు, గట్టున బోసిన బొగ్గునకు ఒక్కొక్క సీమలో నొక్కొక్క పేరుండును. కావ్యప్రయోగములే యాధారముగా గల నిఘంటువులు వీనిని గ్రహింపలేదు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తిపదకోశ ప్రథమసంపుటము సేద్యపు మాటలను గూర్చి మార్గము చూపినది. కొలిమి మాటలను గూర్చియు నట్టి శ్రద్ధ ప్రతి మండలమున జరుగవలసియున్నది. అంగారీయశబ్దమును బోధించు పండితుడు తన యూరి ముసలికమ్మరి నొకసారి యడిగినచో సూత్రార్థము విద్యార్థులకు స్పష్టమగును, నిఘంటువునకు గొన్ని మాటలు దక్కును. ఆ పని యా ముసలివారు జీవించియున్నపుడే జరుగవలెను.